మన నేల మొక్క అంటే రుజువు చూపాలి



2016 డిసెంబరు 12న వర్దా తుఫాను చెన్నై దగ్గర తీరం దాటింది. ఆ ఒక్క రోజులో నగరంలో వేలాది చెట్లు కూలిపోయాయి. కూలినవాటిలో తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు లాంటివి చాలా ఉన్నాయి. ఇవన్నీ నీడ కోసం, పూల అందం కోసం బయటి దేశాల నుంచి తెచ్చి వీధుల వెంట నాటినవే. ఈ తీరపు గాలికి, ఈ ఉప్పు నేలకు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈ వానకు తరతరాలుగా అలవాటుపడిన చెట్లు ఏవి, వాటిని మనం ఎందుకు నాటలేదు అన్న ప్రశ్న ఆ తర్వాత ఊరంతా వినిపించింది. జవాబు మనకు దగ్గర్లోనే ఉంది. గిండీ జాతీయ ఉద్యానంలో, నన్మంగళం అడవిలో, మన తెలుగు నేల మీద శ్రీహరికోటలో మిగిలి ఉన్న పొడి సతతహరిత అడవి ఈ తీరానికి సొంతమైన అడవి. పాల, అల్లి, గోలుగు, అడవి నిమ్మ లాంటివి ఆ అడవి చెట్లు. వాటితో పాటు పొన్న, పొగడ, గంగరావి, కానుగ, నేరేడు కూడా మళ్లీ నాటాలన్న కోరిక జనంలో పుట్టింది. మిద్దె తోటలు పెంచేవారు, అపార్ట్‌మెంట్ సంఘాలు, బడులు, కంపెనీలు నర్సరీకి వెళ్లి 'మన నేల మొక్కలు ఇవ్వండి' అని అడగడం మొదలైంది. ఇది నిజంగా మంచి మార్పు.

అయితే ఒక మాటకు గిరాకీ పెరిగితే ఆ మాటను అడ్డం పెట్టుకుని సరుకు అమ్మడమూ పెరుగుతుంది. ఇప్పుడు 'నేటివ్', 'దేశీ', 'స్థానికం', 'మన సంప్రదాయ మొక్క' అన్న మాటలు నర్సరీ బోర్డుల మీద, ఆన్‌లైన్ అమ్మకాల్లో, ఇళ్ల ప్రాజెక్టుల ప్రకటనల్లో విరివిగా కనిపిస్తున్నాయి. ఆ మాటల కింద అమ్ముడయ్యేవాటిలో మన నేలవి కానివి ఉన్నాయి. అంతకంటే ప్రమాదకరమైన సంగతి, మన నేలను మింగేసే స్వభావం ఉన్నవి కూడా ఉన్నాయి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక మొక్కను 'స్థానికం' అని అమ్మేవారు దాని శాస్త్రీయ నామం, దాని పుట్టిల్లు లేబుల్ మీద రాసి చూపాలి. చూపలేకపోతే ఆ మాట వాడకూడదు. రుజువు భారం కొనేవారిది కాదు, అమ్మేవారిది. ఎందుకు ఇలా అంటున్నానో ఒక్కొక్క ఆధారంతో చెబుతాను.

ముందుగా, చెన్నైలో ఎటు చూసినా కనిపించే ఒక మొక్కను తీసుకుందాం. రోడ్ల డివైడర్ల మీద, అపార్ట్‌మెంట్ల గోడల వెంట, ఆఫీసు ఆవరణల్లో నేలంతా పచ్చగా పరుచుకుని పసుపు రంగు పూలు పూసే తీగలాంటి మొక్క ఉంటుంది. దాన్ని నర్సరీవాళ్లు వెడేలియా అంటారు, సింగపూర్ డైసీ అని కూడా పేరుంది. శాస్త్రీయ నామం స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా. దాని పుట్టిల్లు మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. మన దేశంలో దీనికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది. పసుపు పువ్వుల గుంటగలగర అని మనం, మంజళ్ కరిసలాంగణ్ణి అని తమిళులు చెప్పుకునే మొక్క. సిద్ధ, ఆయుర్వేద వైద్యాల్లో కాలేయానికి, జుట్టుకు వాడే మూలిక అది. తడి నేలల్లో, చెరువు గట్ల పక్కన పెరుగుతుంది. ఈ రెండింటికీ పువ్వు రంగు ఒకటే, నేల మీద పాకే తీరూ ఒకటే. అందువల్ల అమెరికా మొక్కను మూలిక పేరు పెట్టి, 'మన సంప్రదాయ ఔషధ మొక్క' అని అమ్మడం జరుగుతోంది. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. మన గుంటగలగర ఆకు సన్నగా, పొడవుగా, గరుకుగా ఉంటుంది. దాని పువ్వు చిన్నది. అమెరికా మొక్క ఆకు మందంగా, నిగనిగలాడుతూ, రెండు పక్కలా చీలి మూడు మొనలతో ఉంటుంది. పువ్వు పెద్దది. కానీ మన మొక్కను ఎన్నడూ చూడని కొనుగోలుదారుకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? బోర్డు మీద రాసిన పేరునే నమ్ముతాడు. ఇంటికి తెచ్చుకుని, తల నూనెలో కాచుకుని, మూలిక వాడుతున్నాననే అనుకుంటాడు.

పేరు మారితే వచ్చే నష్టం మందుతో ఆగదు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, నిపుణులు తయారు చేసిన 'ప్రపంచంలోని 100 అతి హానికర ఆక్రమణ జాతులు' అనే జాబితాలో ఈ సింగపూర్ డైసీ ఉంది. అది గింజ కోసం ఎదురుచూడదు. కాండానికి ఉన్న ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. తోటమాలి కత్తిరించి పారేసిన ముక్క తడి తగిలితే చాలు, అక్కడే కొత్త మొక్కవుతుంది. చెన్నై లాంటి ఊళ్లో ఆ ముక్కలు ఎక్కడికి పోతాయో ఆలోచించండి. చెత్తతో పాటు ఖాళీ స్థలానికి చేరతాయి, అక్కడి నుంచి వాన కాలువకు, కాలువ నుంచి చెరువుకు, బకింగ్‌హాం కాలువకు, అడయారుకు కొట్టుకుపోతాయి. పళ్లికరణై చిత్తడి నేలలో సుమారు 1,247 హెక్టార్లకు 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యాన్ని చాటే రామ్‌సర్ గుర్తింపు దక్కింది. అలాంటి చోట గట్టు వెంట ఈ తీగ దట్టంగా అల్లుకుంటే, కింద గడ్డికీ చిన్న చిన్న మూలికలకూ వెలుతురు అందదు. అలా మరుగునపడేవాటిలో ఎవరి పేరు చెప్పి దాన్ని అమ్ముతున్నామో ఆ గుంటగలగర కూడా ఉంటుంది. మన మొక్కను కాపాడుకుందామన్న ఉద్దేశంతో కొన్నది, మన మొక్క చోటునే ఆక్రమిస్తుంది.

ఇలాంటి మొక్కలే నర్సరీల్లో ఎక్కువగా ఎందుకు ఉంటాయన్నదానికి ఒక కారణం ఉంది. నర్సరీ నడిపేవారికి ఏ మొక్క లాభమో చూడండి. కొమ్మ గుచ్చితే బతకాలి. నెల రోజుల్లో కవరు నిండాలి. నీళ్లు తక్కువైనా చావకూడదు. పురుగు పట్టకూడదు, మేక ముట్టకూడదు. ఏడాది పొడవునా పూయాలి. ఇప్పుడు ఒక మొక్క అడవిని ఆక్రమించాలంటే దానికి ఏ లక్షణాలు కావాలో చూడండి. ఇంచుమించు అవే. పైగా, పురుగు పట్టదు అంటే ఆ ఆకు తినే గొంగళి పురుగు ఇక్కడ లేదని అర్థం. గొంగళి పురుగు లేకపోతే పిల్లలకు దాన్ని పెట్టి పెంచే పిట్టకు తిండి లేదు. మన నేల మొక్కల్లో చాలావాటి గింజలు మొలవడానికి నెలలు పడుతుంది. కొన్నిటిని మొలిపించే మెలకువ తెలిసినవారూ తక్కువే. కనుక ఎవరూ మోసం చేయాలని అనుకోకపోయినా, అంగడి తనంతట తాను ఆక్రమణ స్వభావమున్న మొక్కల వైపే మొగ్గుతుంది. 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం, ప్రపంచంలో సొంత నేల దాటి వేరే చోట స్థిరపడిన మొక్క జాతుల్లో కనీసం 75 శాతం ఇళ్ల తోటల్లో పెంచేవే. అడవికి కలుపు చేరే దారుల్లో తోట ముఖ్యమైనది. దానికి 'స్థానికం' అన్న ముద్ర కూడా తోడైతే, జాగ్రత్తపడే మనిషి సైతం ఆ మొక్కకు తలుపు తీస్తాడు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. స్థానికమా కాదా అన్నది ఒక ప్రశ్న. హాని చేస్తుందా చేయదా అన్నది వేరే ప్రశ్న. శివాలయాల్లో పూజలందుకునే నాగలింగం చెట్టు దక్షిణ అమెరికాది. సీతాఫలం, రామాఫలం అమెరికా ఖండాలవే. షుగరు వ్యాధికి ఆకు నమలమని చెప్పి అమ్మే ఇన్సులిన్ మొక్క బ్రెజిల్‌ది. ఇంటి ముందు పెంచే బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది. వీటికి దేవుళ్ల పేర్లు, తెలుగు పేర్లు ఉన్నంత మాత్రాన ఇవి ఇక్కడ పుట్టినవి కావు. ఇక్కడ పుట్టనంత మాత్రాన ఇవన్నీ అడవిని మింగేవీ కావు. ఇంకో చిక్కు కూడా ఉంది. 'భారతదేశపు మొక్క' అనగానే అది చెన్నైకి స్థానికం అయిపోదు. ఎర్రచందనం శేషాచలం కొండలది. అసలైన అశోకం పడమటి కనుమల వంటి తేమ అడవులది. అశోకం అడిగితే నర్సరీలో ఇచ్చేది ఎక్కువగా నరమామిడి. అది దక్షిణ భారతపు చెట్టే, ఎవరికీ హాని చేయదు, కానీ అశోకం మాత్రం కాదు. ఇన్ని రకాల తికమక ఉన్నచోట 'దేశీ' అన్న ఒక్క మాట ఏ సమాచారమూ ఇవ్వదు. ఏ నేలకు స్థానికం, ఏ జాతి అన్న రెండు విషయాలూ చెబితేనే ఆ మాటకు అర్థం ఉంటుంది.

జాతిని సరిగా గుర్తించకపోతే ఏమవుతుందో మద్రాసు నగర చరిత్రలోనే ఒక పాఠం ఉంది. 18వ శతాబ్దం చివర్లో సెయింట్ జార్జి కోటలో వైద్యాధికారిగా ఉన్న డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ సైదాపేటలో ఒక నాగజెముడు తోట పెంచాడు. నాగజెముడు మీద బతికే కోచినీల్ పురుగు నుంచి ఎర్ర రంగు తీసి, ఆ వ్యాపారంలో స్పెయిన్‌తో పోటీ పడాలన్నది ఈస్టిండియా కంపెనీ ఆశ. 1795లో కలకత్తాకు పురుగు వచ్చింది. మంచి రంగునిచ్చే జాతి అనుకుని తెచ్చారు, తీరా అది వేరే జాతి. రంగు వ్యాపారం సాగలేదు. తోటల్లో నాటిన నాగజెముడు మాత్రం దక్షిణాదిలో పొలం గట్లకు, బీళ్లకు పాకింది. పొరపాటున వచ్చిన ఆ పురుగే 1836-38 మధ్య ఒక నాగజెముడు జాతిని అణచివేసింది. కలుపు మొక్కను పురుగుతో అదుపు చేసిన తొలి ఉదాహరణగా దాన్ని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ చెబుతారు. ఇంకో నాగజెముడు జాతిని ఆ పురుగు ముట్టలేదు. దాని కోసం 1926లో శ్రీలంక నుంచి మరో పురుగును తేవాల్సివచ్చింది. ఒక జాతికీ దాని పక్క జాతికీ ఉన్న తేడా పుస్తకాల్లోని చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆ తేడా ఒక ప్రాంతపు రైతులకు వందేళ్లకు పైగా తలనొప్పి తెచ్చింది. 1919లో మద్రాసు ప్రెసిడెన్సీ పంట తెగుళ్ల చట్టం చేసినప్పుడు అందులో పురుగులు, తెగుళ్లతో పాటు హానికరమైన కలుపు మొక్కలను కూడా చేర్చింది. వందేళ్ల కిందటే ఈ నగరంలో పాలకులకు ఈ ప్రమాదం అర్థమైంది.

సర్కారు తుమ్మ కథ మన తెలుగువారికి ఇంకా దగ్గరిది. మద్రాసు ప్రభుత్వ అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో దాని విత్తనాలు కోరాడు. మరుసటి ఏడాదే కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఎండిన నేలకు పచ్చదనం, పేదలకు వంటచెరకు ఇవ్వాలన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశంలో తప్పు లేదు. వంటచెరకు దొరికిన మాటా నిజమే. కానీ ఆ చెట్టు ఇప్పుడు తమిళనాడు చెరువుల్ని, మన రాయలసీమ వంకల్ని, ఈ నగరపు చిత్తడి నేలల్ని కమ్మేసింది. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దాన్ని తొలగించాలని ఆదేశించింది. ఎలా తొలగించాలి, తొలగిస్తే ఏమవుతుంది అన్న వాదనలు ఆ తర్వాత ఏళ్ల తరబడి నడిచాయి. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఆక్రమణ మొక్కల తొలగింపు, పర్యావరణ పునరుద్ధరణ మీద ప్రత్యేక విధానమే ప్రకటించింది. సర్కారు తుమ్మను ఎవరూ స్థానికమని చెప్పి తేలేదు, పేరులోనే సర్కారు తెచ్చిందని ఉంది. అయినా దాన్ని వదిలించుకోవడానికి ఇంత కష్టం. ఇక స్థానికమని చెప్పి, ఇంటింటికీ చేర్చి, జనం ప్రేమగా పెంచుకునే మొక్కను రేపు వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. కోనోకార్పస్ చెట్టు సంగతీ చూశాం. తెలంగాణలో హరితహారం పథకం కింద రోడ్ల వెంట దాన్ని విరివిగా నాటి, తర్వాత నాటవద్దన్నారు. గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటడాన్ని నిషేధించాయి. దాని హాని ఎంత అన్నదానిపై వాదోపవాదాలున్నాయి. కానీ ప్రజల డబ్బుతో నాటి, ప్రజల డబ్బుతోనే కొట్టివేయడం మాత్రం అందరూ చూశారు. మొక్క నేలలోకి దిగకముందు అడిగే ప్రశ్నకు ఖర్చు లేదు. దిగాక అడిగితే కోర్టులు, కమిటీలు, యంత్రాలు కావాలి.

ఇప్పుడు అభ్యంతరాలు చూద్దాం. మొదటిది చాలామంది అడిగేదే. మిరపకాయ అమెరికాది, టమాటా అమెరికాది, బంతిపువ్వు మెక్సికోది. ఇవన్నీ లేకుండా మన వంటా లేదు, మన గుమ్మాలకు తోరణమూ లేదు. మరి కొత్తగా వచ్చే మొక్కలంటే ఎందుకింత పట్టింపు? నిజమే, బయటి మొక్కలు వద్దనడం నా వాదన కాదు. మిరప మన చేనులో మన చేతి మీద బతుకుతుంది. మనం నాటకపోతే అది అడవిని పట్టుకుని పాకదు. బయటి నుంచి వచ్చిన మొక్కల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని ఐపీబీఈఎస్ సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మనుషుల ద్వారా కొత్త చోట్లకు చేరిన జాతులు జంతువులు, మొక్కలు అన్నీ కలిపి 37,000 పైగా ఉన్నాయి. వాటిలో హానికర ఆక్రమణ జాతులుగా తేలినవి 3,500 పైచిలుకు. అంటే పదింట ఒకటి. ఆ పదింట ఒకటి వల్ల ప్రపంచానికి 2019లో కలిగిన నష్టం 42,300 కోట్ల డాలర్లకు పైగా ఉంటుందని ఆ నివేదిక అంచనా. కాబట్టి తొమ్మిదింటిని అనుమానించనక్కర్లేదు. ఆ ఒక్కదాన్ని పోల్చుకోగలిగితే చాలు. పోల్చుకోవాలంటే లేబుల్ మీద నిజం ఉండాలి. బంతిని బంతి అని అమ్ముతున్నారు, ఎవరికీ అభ్యంతరం లేదు. సింగపూర్ డైసీని గుంటగలగర అని అమ్మినప్పుడే ఆ పోల్చుకునే అవకాశం పోతోంది.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. మనది, బయటిది అని గీత గీయడంలో పరాయివాళ్ల మీద ద్వేషం లాంటిది దాగి లేదా అని కొందరు అడుగుతారు. ఆ భయాన్ని గౌరవిస్తాను. అయితే మొక్కల విషయంలో ఆ గీత మంచి చెడ్డల గీత కాదు. మన నల్లతుమ్మనే చూడండి. ఇక్కడ చెరువు గట్టు చెట్టు, మేకలకు కాయ, మనుషులకు పండ్లపుల్ల. అదే నల్లతుమ్మ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ పచ్చికబయళ్లను ముళ్ల అడవిగా మార్చేసింది. ఆ దేశం దాన్ని జాతీయ స్థాయి కలుపు మొక్కల జాబితాలో చేర్చింది. ఇక్కడ దాన్ని అదుపులో ఉంచే పురుగులు, చుట్టుపక్కల జీవులు అక్కడ లేవు. చెట్టులో దోషం లేదు. ఒక చోట వేల ఏళ్లుగా కుదిరిన సంబంధాలు ఇంకో చోట లేకపోవడమే అసలు కారణం. సీతాకోకచిలుకల కోసం లాంటానా కొనేవారికీ ఇదే చెప్పాలి. లాంటానా పువ్వు మీద సీతాకోకచిలుక వాలుతుంది, తేనె తాగుతుంది, నిజమే. కానీ గుడ్డు పెట్టడానికి దానికి తన ఆకు కావాలి. అది జిల్లేడు కావచ్చు, కరివేపాకు కావచ్చు, మారేడు కావచ్చు. లాంటానా 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా తోటకు అలంకారం కోసం వచ్చిన మొక్క. 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం అది మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా విస్తీర్ణానికి వ్యాపించింది. తేనెకు మురిసి నాటిన మొక్క గడ్డిని చంపింది, గడ్డి పోతే జింకకు మేత పోయింది.

మూడోది, 'నా మిద్దె మీద కుండీలో ఉన్న మొక్క ఏ అడవిని పాడు చేస్తుంది?' అన్నది. కుండీలో ఉన్నంతకాలం చేయకపోవచ్చు. కానీ పండు కాస్తే పిట్ట తింటుంది, గింజను తనకు నచ్చిన చోట వేస్తుంది. కొమ్మ కత్తిరిస్తే చెత్తకుప్పకు పోతుంది. ఇల్లు మారితే కుండీ ఖాళీ స్థలం పాలవుతుంది. గింజ కట్టదని చెప్పి అమ్మే పొట్టి రకాల లాంటానాల్లో కూడా కొన్నింటికి పుప్పొడి పనిచేస్తుంది, అడవి లాంటానాతో కలిసి గింజ కట్టించగలదు. గుర్రపు డెక్క కూడా మన దేశానికి పూల అందం కోసం వచ్చిందే. ఈ రోజు దాన్ని కూవం, అడయారు, నగరపు కాలువల నుంచి తీయించడానికి ఈశాన్య ఋతుపవనాలకు ముందు ప్రతి ఏడూ యంత్రాలు దించాల్సివస్తోంది. తీయకపోతే వాన నీరు సముద్రానికి పోవడానికి దారి ఉండదు, వీధుల్లోకి వస్తుంది. తోట అందం ఒకరిది, వరద నష్టం ఇంకొకరిది. కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య ముగిసిపోయే లావాదేవీ కాదు గనుకే ఇందులో నిజం చెప్పడం మరింత ముఖ్యం.

నాలుగో అభ్యంతరం చిన్న నర్సరీవారి తరఫున వచ్చేది. ఇది నాకు అన్నిటికంటే బరువైనదిగా తోస్తుంది. ఫుట్‌పాత్ పక్కన కవర్లలో మొక్కలు పెట్టుకుని అమ్మేవారు వృక్షశాస్త్రం చదువుకోలేదు. పెద్ద నర్సరీల నుంచి, మన గోదావరి జిల్లాల్లో కడియం, కడియపులంక లాంటి చోట్ల నుంచి లారీలో ఏ పేరుతో వస్తే ఆ పేరుతోనే అమ్ముతారు. వారిని దోషులను చేయడం అన్యాయం. ఒప్పుకుంటాను. అందుకే బాధ్యత గొలుసు మొదట్లో, అంటే మొక్కను పెంచి టోకుగా పంపేవారి దగ్గర, ఆన్‌లైన్‌లో దేశమంతా అమ్మే కంపెనీల దగ్గర మొదలవ్వాలి. వారికి తాము పెంచేది ఏ జాతో తెలియదనడం నమ్మదగిన మాట కాదు. ఏ కుండీలో ఏ రకం అంటు కట్టారో తెలియకుండా అంత వ్యాపారం నడవదు. ఇక చిన్నవారి విషయంలో శిక్ష కంటే సాయమే మేలని ఆస్ట్రేలియా అనుభవం చెబుతోంది. మనం ఇష్టంగా తినే పొన్నగంటి కూరను శ్రీలంక వాసులు ముకునువెన్న అంటారు. 1990లలో విక్టోరియా రాష్ట్రంలో స్థిరపడిన శ్రీలంక కుటుంబాలు పొన్నగంటి అనుకుని పెరళ్లలో పెంచుతున్నది నిజానికి దక్షిణ అమెరికాకు చెందిన ఎలిగేటర్ వీడ్ అనే భయంకరమైన నీటి కలుపు అని అధికారులు గుర్తించారు. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అక్కడ ఆ కుటుంబాలను నేరస్థులుగా చూడలేదు. పెరటి మొక్కను పీకించి, దాని బదులు కూరకు పనికొచ్చే, హాని చేయని దగ్గరి మొక్కను అందించారు. నిజం చెప్పి, బదులు ఇస్తే జనం కలిసివస్తారనడానికి అది మంచి సాక్ష్యం.

మరి చట్టంలో దీనికి చోటుందా? ఉందనే నా అభిప్రాయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సరుకును తప్పుగా వర్ణించే ప్రకటనను తప్పుదోవ పట్టించే ప్రకటనగా నిర్వచించింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అలాంటి ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. 2024 అక్టోబరులో పర్యావరణం పేరు చెప్పుకునే ప్రకటనల మీద ప్రత్యేక మార్గదర్శకాలు వచ్చాయి. 'సహజం', 'పర్యావరణ హితం' లాంటి మాటలు వాడితే ఆధారం చూపాలని అవి చెబుతున్నాయి. మొక్కను 'స్థానికం' అనడం కూడా సరిగ్గా అలాంటి మాటే. కొనేవాడు ఆ మాటకే డబ్బు ఇస్తున్నాడు, దాని నిజానిజాలు తనంతట తాను తేల్చుకోలేడు. బంగినపల్లి అంటు అని చెప్పి వేరే రకం మామిడి అంటగడితే రైతు అయిదారేళ్ల తర్వాత కాపు చూసి మోసపోయానని తెలుసుకుంటాడు. అలాంటి నష్టాలను ఆపడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో ఉద్యాన నర్సరీల నమోదుకు చట్టం చేశారు. రైతు తోటకు ఇచ్చే ఆ రక్షణ అడవికి, చెరువుకు కూడా ఇవ్వమని అడగడం అత్యాశ కాదు. దక్షిణాఫ్రికా 2014లో చేసిన నియమాల్లో ఆక్రమణ మొక్కల జాబితా పెట్టి వాటిలో హానికరమైనవాటి అమ్మకాన్ని నిషేధించింది. ఇల్లు, భూమి అమ్మేవారు అందులో అలాంటి మొక్కలుంటే కొనేవారికి రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా చెప్పింది. అయితే జాబితా ఒక్కటే చాలదు. అమెరికాలో ఆక్రమణ మొక్కలుగా గుర్తించిన 1,285 జాతుల్లో 61 శాతం ఇంకా అమ్మకంలోనే ఉన్నాయని 2021లో ఒక అధ్యయనం తేల్చింది. జాబితా ప్రభుత్వ కాగితాల్లో ఉండి, లేబుల్ మీద జాతి పేరు లేకపోతే ఫలితం అలాగే ఉంటుంది.

అందువల్ల చెన్నైలో మూడు పనులు జరగాలి. మొదటిది, మొక్క కవరు మీద మూడు విషయాలు ఉండాలి: శాస్త్రీయ నామం, పుట్టిల్లు, ప్రభుత్వం గుర్తించిన ఆక్రమణ మొక్కల్లో ఒకటా కాదా అన్న సమాచారం. తెలుగు, తమిళ పేర్లు ఎన్నైనా రాసుకోవచ్చు, కానీ ఈ మూడూ లేకుండా 'స్థానికం' అన్న మాట రాయకూడదు. ఇందుకు కావలసిన విజ్ఞానం దూరంగా ఏమీ లేదు. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ కార్యాలయం ఈ నగరంలోనే తరమణిలో ఉంది. భారత వృక్షశాస్త్ర సర్వే దక్షిణ ప్రాంత కేంద్రం కోయంబత్తూరులో ఉంది. నర్సరీవారు అడిగితే జాతిని గుర్తించి చెప్పే ఏర్పాటును ఈ సంస్థలు, ఉద్యాన శాఖ కలిసి చేయగలవు. రెండోది, కార్పొరేషన్, మెట్రో, రోడ్ల శాఖలు మొక్కలకు టెండరు పిలిచేటప్పుడు జాతి పేరుతో సహా కోరాలి, వచ్చిన మొక్కను వృక్షశాస్త్రం తెలిసినవారితో పరీక్ష చేయించి డబ్బు చెల్లించాలి. నగరంలో అందరికంటే ఎక్కువ మొక్కలు కొనేవారే ఈ పద్ధతి పాటిస్తే నర్సరీలు వాటంతట అవే దారికి వస్తాయి. మూడోది, మన నేల మొక్కలను మొలిపించే మెలకువలను చిన్న నర్సరీలకు నేర్పాలి, మంచి విత్తనం అందించాలి. నేలను కప్పడానికి బొక్కెనాకు, సరస్వతి ఆకు, అసలైన గుంటగలగర ఉన్నాయి. పూల కోసం కనకాంబరం, నూరువరహాలు, ముళ్ల గోరింట, చిత్రమూలం ఉన్నాయి. కంచెకు వావిలి, అడ్డసరం ఉన్నాయి. వీటికి కొరత ఉన్నంతకాలం వాటి పేరుతో వేరేవి అమ్ముడవుతూనే ఉంటాయి.

ఈ మార్పు వచ్చేదాకా కొనేవారి చేతిలో ఉన్నది ప్రశ్న ఒక్కటే, కానీ అది బలమైనదే. 'ఇది మన మొక్కేనండీ' అని ఎవరైనా అన్నప్పుడు, 'దీని శాస్త్రీయ నామం ఏమిటి, ఏ ప్రాంతానిది?' అని మర్యాదగా అడగండి. తెలియదంటే ఆ రోజుకు ఆ మొక్క కొనకండి. అపార్ట్‌మెంట్ సంఘంలో ఉన్నవారు తోట పని ఒప్పందంలో జాతుల జాబితా రాయించుకోండి. ఇప్పటికే ఆవరణలో సింగపూర్ డైసీ, లాంటానా ఉంటే కత్తిరించి బయట పారేయకుండా, ముక్కలు పూర్తిగా ఎండనిచ్చి, తర్వాతే తీసేయించండి. ఈ నగరంలో మంచి ఉద్దేశంతో మొక్క నాటేవారు వేలమంది ఉన్నారు. వారి శ్రమ, వారి డబ్బు ఈ తీరానికి చెందిన మొక్కలనే పెంచాలి. అందుకు వారికి నిజం చెప్పడం అమ్మేవారి ధర్మం, చెప్పించడం ప్రభుత్వం బాధ్యత, అడగడం మన హక్కు.